బొబ్బిలి నుంచి మన బడికి ఒక వీణ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. కార్యదర్శి గారు "నీ ఉద్యోగం గురించి చెప్పు, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటది" అన్నారు. ముప్పై ఏళ్లుగా యంత్రాల మధ్య బతుకుతున్న మెకానికల్ ఇంజనీరును. నా ఉద్యోగం గురించి చెబితే పిల్లలకు స్ఫూర్తి కాదు, నిద్ర వస్తుంది. అందుకని ఈ బల్ల మీద ఎర్ర గుడ్డ కప్పి పెట్టిన వీణ గురించి చెబుతాను. మీరిచ్చిన చందాతో కొన్నది కాబట్టి, దాన్ని ఎట్లా తెచ్చానో లెక్క చెప్పాల్సిన బాధ్యత కూడా నాకుంది. డబ్బు లెక్క కోశాధికారికి ఇచ్చేశాను. ఇది మిగతా లెక్క.

స్వర్ణోత్సవానికి బడికి ఏం ఇద్దామని మన వాట్సాప్ గ్రూపులో ఎంత చర్చ జరిగిందో మీకు తెలుసు. మంచినీళ్ల ప్లాంటు అన్నారు, డిజిటల్ బోర్డు అన్నారు, గేటుకు కమాను అన్నారు. అవన్నీ మంచివే, కొన్ని చేశాం కూడా. నేను వీణ అన్నాను. గ్రూపులో నవ్వే బొమ్మలు వరుసగా వచ్చాయి. "వీణ ఎవలు వాయిస్తరే? గిటారన్న కొనియ్యి, పిల్లలు ముట్టుకుంటరు" అని మా బ్యాచ్‌వాడే రాశాడు. నేను పట్టుపట్టాను. "మన వర్గల్ అంటేనే సరస్వతమ్మ కదా, శంభుని గుట్ట మీద అమ్మవారి చేతిలో వీణ ఉంది, కింద మన బడిలో లేదు" అని వాదించాను. వసంత పంచమినాడు ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని ఎత్తుకొచ్చి మన ఊళ్లో అక్షరాభ్యాసం చేయించుకుంటారు కదా అన్నాను. ఆ వాదన నెగ్గింది, మీరు ఒప్పుకున్నారు.

కానీ అది నా అసలు కారణం కాదు. మేం చదువుకునే రోజుల్లో గుట్ట మీద ఆ గుడే లేదు. ఆ తర్వాత వచ్చింది. అసలు కారణం ఈ రోజు చెబుతాను.

నాకంటే రెండేళ్లు పెద్దది మా అక్క. ఈ బడిలోనే పదో తరగతి దాకా చదివింది. పొద్దున ప్రార్థన పాడే పిల్లల్లో ముందు నిలబడేది. అప్పట్లో మన ఆఫీసు గదిలో సరస్వతీదేవి క్యాలెండర్ ఒకటి వేలాడేది. ఒకరోజు అక్క తెలుగు సారును అడిగింది, "సార్, ఆ వీణ చప్పుడు ఎట్లుంటది?" అని. మాకెవరికీ తెలీదు. మేము విన్నవి డప్పు, డోలు, భజనలో హార్మోనియం. సారు ఏమీ అనలేదు. తర్వాత ఒకరోజు సంచిలో ఇంటి ట్రాన్సిస్టర్ పెట్టుకొచ్చారు. ఆకాశవాణిలో వీణ కచేరీ వచ్చే వేళకు కిటికీ దగ్గర పెట్టి తిప్పారు. గరగర మధ్య ఒక పది నిమిషాలు విన్నాం. ఎవరు వాయించారో నాకు గుర్తులేదు. అక్క ముఖం మాత్రం గుర్తుంది.

సికింద్రాబాద్‌లో మా మేనత్త వాళ్ల వీధిలో ఒకావిడ ఆదివారాలు పిల్లలకు వీణ నేర్పేది. అక్క బాపును పట్టుకుని వదల్లేదు. బాపు చివరికి ఒక షరతు పెట్టిండు. "ఆడపిల్లను ఒక్కదాన్ని పంపియ్య. తమ్ముడు ఎంట పోతే పొమ్మను." ఇక్కడి నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. రెండు ఆదివారాలు పోయాం. అక్క లోపల నేర్చుకుంటుంటే నేను అరుగు మీద కూర్చున్నాను. మూడో ఆదివారం మనకు క్రికెట్ మ్యాచ్ ఉంది. "నేను రాను పో" అన్నాను. అక్క బతిమాలింది. నేను బ్యాట్ పట్టుకుని ఉరికాను. నాలుగో ఆదివారం ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పదో తరగతి పరీక్షలయ్యాక అక్కకు పెళ్లి చేశారు.

నాకు ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు బాపు ఎకరం పొలం అమ్మిండు. అక్కకు కావలసింది బస్సు కిరాయి, పక్కన ఒక మనిషి. ఆ మనిషిని నేను. అప్పుడు నాకు పదమూడేళ్లు, ఏం తెలుసు అని మీరనొచ్చు. నేనూ నలభై ఏళ్లుగా అట్లనే అనుకుంటున్నాను. అయినా ఆ ఆదివారం పోవడం లేదు.

అందుకే వీణ అన్నాను.

వీణ అంటే మన తెలుగువాళ్లకు బొబ్బిలి. విజయనగరం జిల్లా. ఊరి పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు ఉన్న కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. ఆ వీణకు ప్రభుత్వం ఇచ్చే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఫోన్ చేసి, అడ్వాన్సు పంపి, కొన్ని నెలలు ఎదురుచూశాను. చివరికి ఒక తేదీ చెప్పారు. రాత్రి రైలెక్కి విజయనగరంలో దిగాను. అక్కడ 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు ప్రిన్సిపాల్. అక్కడి నుంచి బస్సులో బొబ్బిలి. బొబ్బిలి అంటే సాంఘికశాస్త్రం సారు చెప్పిన 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు తప్ప నాకేమీ తెలీదు. ఆ రాజుల కొలువులోనే ఈ వీణల పని పెరిగిందని అక్కడివాళ్లు చెప్పారు.

కార్ఖానా అంటే నేను పెద్ద షెడ్డు ఊహించుకున్నాను. ఇంటి ముందు వసారా, కింద అడుగు మందాన చెక్కపొట్టు, గోడకు ఆనించిన పనస దుంగలు. కోసిన పనస చెక్క పసుపుపచ్చగా ఉంటుంది. ఒకాయన బాడిసెతో దుంగను చెక్కుతున్నాడు, ఇంకో కుర్రాడు ఉలితో లోపల తొలుస్తున్నాడు. బొబ్బిలి వీణను ఏకాండి వీణ అంటారు. కుండ, దండి, చివరన యాళి తల తగిలించే మెడ, ఇవన్నీ విడివిడిగా చేసి అతికించరు. ఒకే దుంగలోంచి తీస్తారు. మీద కప్పే పలక మాత్రం వేరే ముక్క.

ఇంజనీరుగా నాకు వెంటనే అర్థమైంది ఒకటే. అతుకు ఉన్నచోట కంపనం కొంత చచ్చిపోతుంది. అతుకు లేకపోతే తీగ కదలిక చెక్కంతా పాకుతుంది. కానీ ఒకే దుంగ అంటే ఎంత కష్టం! చివరి రోజున ఉలి ఒక్క దెబ్బ లోతుగా దిగితే మొదటి రోజు నుంచి చేసిందంతా పోయినట్టే. మా ఫ్యాక్టరీలో ఒక భాగం చెడితే ఇంకోటి బిగిస్తాం. అక్కడ బిగించడానికి ఇంకోటి ఉండదు. కుండ గోడ ఎంత పలచగా ఉండాలో ఎట్లా తెలుస్తుందని కుర్రాణ్ణి అడిగాను. వేలి కణుపుతో కొట్టి వినిపించాడు. నా జేబులో డిజిటల్ కాలిపర్ ఉంది. దాన్ని బయటికి తీయాలనిపించలేదు.

ఇంటి పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. "రండి బాబూ, కూకోండి" అని స్టూలు వేశాడు. మన వీణ చూపించాడు. రంగు, నగిషీ అన్నీ అయిపోయాయి. మెట్లు మాత్రం లేవు.

"రేపు సాయంత్రం అట్టుకెల్దురు బాబూ" అన్నాడు.

నాకు ఆ రాత్రికే తిరుగు రైలు. "మీరు చెప్పిన తేదీ ఈ రోజే కదండీ. ఇరవై నాలుగు మెట్లు బిగించడానికి ఎంతసేపు?" అన్నాను. గొంతు కొంచెం పెంచాను కూడా. సప్లయర్లతో మాట్లాడే అలవాటు.

ఆయనకు కోపం రాలేదు. "మీరు వొచ్చాకే మేళం కడదారని ఆపినాను. కూకోని సూడండి, తరవాత తిట్టుదురు" అన్నాడు.

మేళం కట్టడం అంటే వీణ దండి మీద రెండు పక్కలా మైనంతో గట్లు పోసి, వాటి మీద 24 ఇత్తడి మెట్లు నిలబెట్టడం. మైనంలో నల్లటి పొడి కలుపుతారు. అది గట్టిపడకముందే ఒక్కో మెట్టూ దాని స్వరం పలికేచోట కూర్చోవాలి. వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. ఒక్కో తీగ మీద రెండు స్థాయిలు, స్థాయికి పన్నెండు స్వరస్థానాలు. రెండు పన్నెండ్లు ఇరవై నాలుగు మెట్లు.

ఇది నాకు తెలిసిన లెక్కే. తీగ పొడవు సగం చేస్తే పై షడ్జం వస్తుందని ఫిజిక్స్ సారు సోనోమీటరు మీద చూపించారు. సార్, మీరు ఇక్కడే ఉన్నారు, నేను మరిచిపోలేదు. సమానంగా పంచాలంటే ఒక్కో మెట్టుకు మిగిలిన పొడవును 1.0595తో భాగించుకుంటూ పోవాలి. తీగ 80 సెంటీమీటర్లు అనుకుంటే మొదటి మెట్టు 4.49 సెంటీమీటర్ల దగ్గర, పన్నెండోది సరిగ్గా 40 దగ్గర, ఇరవై నాలుగోది 60 దగ్గర. పెద్దాయన దగ్గర టేపు అడిగి, ఆ వీణ తీగ పొడవు కొలిచి, ఫోనులో లెక్క వేసి, పొడవాటి కాగితం మీద 24 గీతలు గీసి ఇచ్చాను. గంట పని మిగులుతుందని నా ఉద్దేశం.

ఆయన కాగితాన్ని శ్రద్ధగా చూసి, దండి పక్కన పరిచాడు. "కట్టినాక సరిసూద్దాం" అన్నాడు. ఆ తర్వాత దాని వంక చూడలేదు. తీగ మీటడం, మెట్టు జరపడం, మళ్లీ మీటడం. ఒక్కో మెట్టు దగ్గర కళ్లు మూసుకుని తల పక్కకు వంచేవాడు. జరిపింది నా కంటికి కనిపించేది కాదు. మధ్యాహ్నం భోజనానికి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చీకటి పడేసరికి సగం అయ్యాయి. నా రైలు పోయింది. లాడ్జిలో పడుకుని పొద్దున్నే వచ్చాను.

అన్నీ అయ్యాక కాగితం సరిచూశాం. కొన్ని నా గీతల మీదే ఉన్నాయి. చాలావరకు కొంచెం తప్పి ఉన్నాయి, వెంట్రుక వాసి నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్ల దాకా. నా గీత మీదికి ఒక మెట్టు జరిపి వాయించి చూపమన్నాను. చూపించాడు. సంగీతం రాని నాకు కూడా అది తప్పని తెలిసింది.

ఎందుకని రాత్రంతా ఆలోచించినా తట్టనిది అప్పుడు తట్టింది. నా లెక్కలో తీగ బిగువు మారదు. కానీ వీణ మీద తీగ మెట్టుకు పైన కొంత ఎత్తులో ఉంటుంది. వేలితో నొక్కగానే సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం పైకి పోతుంది. ఎంత పెరుగుతుందన్నది తీగ మందం మీద, మెట్టు ఎత్తు మీద, నొక్కే వేలి మీద ఆధారపడుతుంది. బ్రిడ్జి సంగతి సరేసరి. వీణ, తంబురా బ్రిడ్జిల వంపు వల్ల మామూలు తీగలో రాకూడని అనుస్వరాలు కూడా వస్తాయని సి.వి. రామన్ 1921లోనే పరిశోధన పత్రం రాశారు. సూత్రం తప్పు కాదు. సూత్రంలో లేనివి ఎన్నో ఉన్నాయి, వాటన్నిటినీ ఆ పెద్దాయన చెవి లెక్కలోకి తీసుకుంటోంది.

అప్పుడే ఆయన నన్ను అడిగాడు. "ఇది ఎవరు వాయిస్తారు బాబూ? పెద్దోలా, సిన్నపిల్లలా? శ్రుతి ఏటి?"

నా దగ్గర సమాధానం లేదు. "మా బడిలో పెడతామండీ" అన్నాను.

"బడిలో ఎడతారా, బీరువాలో ఎడతారా?"

నేను మాట్లాడలేదు. ఆయన ఎగతాళిగా అనలేదు. "వాయించకపోతే ఇది కర్ర బాబూ. తీగలు తుప్పట్టేస్తాయి. మైనం ఎండిపోతాది. వాయించినా కొన్నేళ్లకి మెట్లరిగి మళ్లీ మేళం కట్టించాల. వాయించకుండా పాడైపోడం కంటే వాయించి అరగడం మేలు కదేటి" అన్నాడు.

మిత్రులారా, మన గ్రూపులో నవ్వే బొమ్మ పెట్టిన మా బ్యాచ్‌వాడు అడిగిందీ, ఆయన అడిగిందీ ఒకటే. వాణ్ణి నేను వాదించి గెలిచాను. ఆయన ముందు గెలవలేకపోయాను. వీణ తెచ్చి అద్దాల బీరువాలో పెట్టి, కింద దాతల పేర్లు రాయించి, ఫొటో దిగి, నలభై ఏళ్ల బరువు దించుకుందామని నా మనసులో ఎక్కడో ఉంది. అది ఆయనకు కనిపించింది.

వసారాలోంచి బయటికి వచ్చి అక్కకు ఫోన్ చేశాను. అక్క ఇప్పుడు గజ్వేల్‌లో కొడుకు దగ్గర ఉంటుంది, మనుమలు ఉన్నారు. బొబ్బిలిలో ఉన్నాననీ, బడికి వీణ కొన్నామనీ చెప్పాను. "మంచిదిరా" అంది. అప్పుడు ఆ మూడో ఆదివారం సంగతి ఎత్తాను. జీవితంలో మొదటిసారి. తప్పయింది అక్కా అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత అడిగింది.

"మ్యాచ్ గెలిచిన్రా మరి?"

"ఓడిపోయినం అక్కా."

"గట్లనే కావాలె" అని పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి ఆ నవ్వు మారింది. నేనూ ఏమీ అనలేకపోయాను. ఆఖరికి తనే అంది, "వీణ తెస్తే సరిపాయెనా? నేర్పేటోళ్లను చూసినవా?"

చూశారా, ముగ్గురూ ఒకటే ప్రశ్న.

సాయంత్రానికి మైనం గట్టిపడింది. పెద్దాయన బిరడాలు తిప్పి శ్రుతి చేసి, ఐదు నిమిషాలు వాయించాడు. పనిచేస్తున్న కుర్రాళ్లు ఉలులు ఆపారు. ఆ ఇంట్లో రోజూ వినేదే అయినా ఆపారు. తర్వాత పాత దుప్పట్లు చుట్టి, పెట్టెలో పెట్టి, చంటిపిల్లను ఇచ్చినట్టు నా చేతికిచ్చాడు. రైల్లో నా బెర్తు మీద వీణ పడుకుంది, నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. టీసీ వచ్చి పెట్టె చూసి, నన్ను చూసి, "కూర్చునే వస్తారా సికింద్రాబాద్ దాకా?" అన్నాడు. కూర్చునే వచ్చాను. రాత్రంతా నాకు మా తెలుగు సారు సంచిలో ట్రాన్సిస్టర్ మోసుకురావడమే గుర్తొచ్చింది. ఆ పని ఆయన డ్యూటీలో లేదు, సిలబస్‌లో లేదు, దానికి మార్కులు లేవు. ఒక పిల్ల అడిగింది కాబట్టి తెచ్చారు. మనందరినీ ఈ బడి సూత్రం ప్రకారమే తయారుచేస్తే ఇట్లా ఉండేవాళ్లం కాదు. ఎవరిని ఎంత నొక్కితే ఎంత పలుకుతారో విని, ఒక్కొక్కరినీ వెంట్రుక వాసి అటూ ఇటూ జరిపినవాళ్లు ఈ ముందు వరుసలో ఉన్నారు. అప్పుడు మాకు తెలియలేదు సార్. చెవి నొప్పి మాత్రమే తెలిసింది.

ఇక పనికొచ్చే మాట. వచ్చాక నెల రోజులు తిరిగాను. సికింద్రాబాద్‌లో ఒక వీణ టీచరమ్మ ఒప్పుకున్నారు. నెలకు రెండు శనివారాలు, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. ఫీజు సంగతి మన సంఘం చూసుకుంటుంది. హెడ్‌మాస్టర్ గారు గది ఇచ్చారు, తాళంచెవి బీరువాకు కాదు, ఆ గదికే. టీచరమ్మ పెట్టిన షరతు ఒకటే. ఈ వయసులో బస్సులు మారలేను, ఎవరైనా తీసుకెళ్లి దింపాలి అన్నారు.

ఆ పని నాది. నలభై ఏళ్ల కింద ఎగ్గొట్టిన డ్యూటీ, ఇప్పుడు చేస్తాను. అయితే నాకు ఉద్యోగం ఇంకా ఉంది, టూర్లు ఉంటాయి. నేను లేని శనివారాలకు కారున్నవాళ్లు ఇద్దరు కావాలి. సభ అయ్యాక నన్ను కలవండి. క్రికెట్ మ్యాచ్ ఉందనేవాళ్లు కలవొద్దు.

కొన్నేళ్లకు మళ్లీ మేళం కట్టించాలి. అప్పటి కమిటీ ఎవరైనా సరే, ఆ ఖర్చుకు ఇప్పటి నుంచే కొంత పక్కన పెట్టండి. మెట్లు అరిగిపోయాయని బిల్లు వస్తే బాధపడకండి, పండగ చేసుకోండి.

పేర్లు రాసుకునే రిజిస్టరు హెడ్‌మాస్టర్ గారి బల్ల మీద ఉంది. ఇప్పటికి ఏడు పేర్లు వచ్చాయి. ఆరుగురు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు. ఏడో పేరు దగ్గర తరగతి అని ఉన్న గడిలో ఏం రాయాలో తెలియక గుమాస్తా గారు ఖాళీగా వదిలేశారు. ఆ విద్యార్థిని వయసు యాభై ఎనిమిది. అక్కడ వేపచెట్టు కింద మూడో కుర్చీలో, మనుమరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నన్ను లేపి నిలబెట్టకురా" అని ముందే చెప్పింది, కాబట్టి లేపను.

గుడ్డ తీయమని ముఖ్య అతిథిగారిని కోరుతున్నాను. తీశాక దూరం నుంచి దండం పెట్టి వెళ్లకండి. పిల్లలూ, మీరు ముందు రండి. చేతులు కడుక్కుని ఒక్కొక్కరు ఒక్కో తీగ మీటండి. ఏమీ కాదు. అది అందుకే ఉంది.